మూడు సబ్జెక్టులు, మూడు గదులు: మధ్య తలుపు ఎవరు తీయాలి?

ఈ మధ్య ఏ కాలేజీ నోటీసు బోర్డు చూసినా, ఏ యూనివర్సిటీ ప్రకటన విన్నా ఒక మాట తప్పకుండా ఉంటోంది: ఇంటర్‌డిసిప్లినరీ. కొత్త కోర్సులు వస్తున్నాయి, అన్నీ ఇంటర్‌డిసిప్లినరీ అట. మాట పెద్దదే, అర్థం మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. "ఆర్ట్స్ వాళ్ళు కొంచెం కంప్యూటర్, సైన్స్ వాళ్ళు కొంచెం కథలు, అంతే కదా" అని ఒకరు. "అన్నీ కొంచెం కొంచెం నేర్పి ఏదీ పూర్తిగా నేర్పకపోవడం" అని ఇంకొకరు. ఇలాంటి కోర్సులు అసలు ఎలా ఉండాలి, మన రాష్ట్రంలో ఇప్పటిదాకా ఏం జరిగింది, మన తెలుగు శాఖకు ఇందులో లాభమా నష్టమా అన్న సంగతులు ఒకచోట పెట్టి చూద్దామని ఈ వ్యాసం రాస్తున్నాను. చివర్లో మనమే అడగదగిన మూడు కోర్సుల ముసాయిదా కూడా ఉంది.

ముందు మాటల తేడా

రెండు మాటలు కలిసిపోతున్నాయి. ఒకటి బహుళ విషయాల చదువు, రెండోది అంతర్ విషయాల చదువు. ఒకే విద్యార్థి వేరువేరు సబ్జెక్టులను పక్కపక్కన చదివితే అది బహుళ విషయాల చదువు, అంటే మల్టీడిసిప్లినరీ. ఒకే ప్రశ్నకు జవాబు కోసం రెండు మూడు సబ్జెక్టుల పద్ధతులు కలిపి వాడితే అది అంతర్ విషయాల చదువు, అంటే ఇంటర్‌డిసిప్లినరీ.

ఈ తేడా తెలియడానికి దూరం వెళ్ళనక్కర్లేదు. బెంగళూరులో బీఏ అనగానే మూడు అక్షరాల పేర్లు చెబుతాం. హెచ్‌ఈపీ అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. జేపీఈ అంటే జర్నలిజం, సైకాలజీ, ఇంగ్లీష్. ఈ మూడు మేజర్ల పద్ధతి ఈ ఊరికి చాలా పాత అలవాటు. దానికితోడు రెండు భాషలు చదువుతాం. లెక్క వేస్తే మనం ఎప్పటినుంచో బహుళ విషయాలు చదువుతున్నవాళ్ళమే.

కానీ ఆ మూడు సబ్జెక్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయా? హిస్టరీ క్లాసులో విజయనగరం చెబుతారు. తెలుగు క్లాసులో ఆముక్తమాల్యద, అదే రాజు రాసిన కావ్యం చెబుతారు. ఎకనామిక్స్‌లో పన్నుల గురించి చెబుతారు. ఆ కావ్యంలో రాజనీతి భాగం ఉంది, పన్ను ఎలా వేయాలి, వ్యాపారాన్ని ఎలా పెంచాలి అన్న సంగతులున్నాయి. దాన్ని మూడు వైపుల నుంచి ఒకేసారి చూసే గంట మాత్రం టైమ్‌టేబుల్‌లో లేదు. మూడు గదులున్నాయి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మనమే బ్యాగు మోసుకుని నడుస్తున్నాం. మధ్యలో తలుపులు లేవు. ఇంటర్‌డిసిప్లినరీ అంటే నాలుగో గది కట్టడం కాదు, ఉన్న గదుల మధ్య తలుపు పెట్టడం.

మన రాష్ట్రంలో జరిగినది

2020లో జాతీయ విద్యావిధానం వచ్చింది. దాన్ని డిగ్రీలో మొదట అమలు చేసిన రాష్ట్రం కర్ణాటక, 2021–22లో. నాలుగేళ్ళ డిగ్రీ, మధ్యలో ఆగిపోయినా సర్టిఫికేట్, వేరే విభాగం నుంచి తీసుకునే ఓపెన్ ఎలెక్టివ్, డిజిటల్ ఫ్లూయెన్సీ లాంటి పేపర్లు అప్పుడే వచ్చాయి. మన సీనియర్లు ఆ పద్ధతిలో చేరినవాళ్ళే.

2023లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆ ఏడాది అక్టోబరులో సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన రాష్ట్ర విద్యావిధాన కమిషన్ వేశారు. కమిషన్ మధ్యంతర నివేదిక వచ్చాక, 2024 మేలో, డిగ్రీ మళ్ళీ మూడేళ్ళే అని ఉత్తర్వు వచ్చింది. 2024–25లో చేరిన మనమే ఆ పద్ధతికి మొదటి బ్యాచ్. మూడు మేజర్లు తిరిగి వచ్చాయి. కమిషన్ తుది నివేదిక 2025 ఆగస్టులో ప్రభుత్వానికి అందింది. అంటే ఒకే కారిడార్‌లో రెండు విద్యావిధానాల పిల్లలం నడుస్తున్నాం. సీనియర్ నోట్సు జూనియర్‌కు పనికిరాని పరిస్థితి.

దేశంలో ఇలాంటిది ఇంతకుముందు కూడా జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2013లో నాలుగేళ్ళ డిగ్రీ పెట్టి, అందరికీ తప్పనిసరి ఫౌండేషన్ కోర్సులు పెట్టింది. మరుసటి ఏడాది, 2014లో, దాన్ని వెనక్కి తీసుకుంది. కోర్సులు హడావుడిగా తయారయ్యాయని, ఇంటర్‌లో చదివినదే మళ్ళీ చదివిస్తున్నారని అప్పట్లో విద్యార్థులు, అధ్యాపకులు పెద్ద ఎత్తున అభ్యంతరం చెప్పారు.

ఇక్కడ ఏ ప్రభుత్వం మంచిది, ఏ విధానం మంచిది అన్న చర్చలోకి నేను పోవడం లేదు. అది వేరే వ్యాసం. నాకు కనిపించిన పాఠం ఒకటే. విధానాలు పైనుంచి వస్తాయి, పైకే పోతాయి. ఒక శాఖలో ఇద్దరు టీచర్లు, పాతికమంది విద్యార్థులు కలిసి గట్టిగా తయారుచేసుకున్న కోర్సుకైతే విధానం మారినా ఏదో ఒక పేరుతో బతికే అవకాశం ఉంటుంది. నిన్న ఓపెన్ ఎలెక్టివ్ అన్నారు, రేపు ఇంకో పేరు పెడతారు. లోపల సరుకు ఉండాలి, అంతే.

అంకెల్లో చూస్తే

2022 డిసెంబరులో యూజీసీ డిగ్రీ చదువుకు ఒక క్రెడిట్ల నమూనా విడుదల చేసింది. దాని ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు. అందులో మేజర్‌కు 60, మైనర్‌కు 24, నైపుణ్య కోర్సులకు 9, భాషలకు 8, బహుళ విషయాల కోర్సులకు 9. మిగిలినవి విలువల కోర్సులు, ఇంటర్న్‌షిప్. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల పాఠం. అదే ప్రాక్టికల్ అయితే 30 గంటలు.

120లో 9 అంటే నూటికి ఏడున్నర వంతు. ఇంత చర్చ జరుగుతున్నది ఈ ఏడున్నర వంతు గురించి. పైగా అవి మూడేసి క్రెడిట్ల చిన్న కోర్సులు. ఒక్కోదానికి 45 గంటలు. 45 గంటల్లో ఏం నేర్చుకోవచ్చు అన్న ప్రశ్న వేసుకోకుండా సిలబస్ రాస్తే ఐదు యూనిట్లలో ప్రపంచమంతా పెడతారు, చివరికి గైడు కొని పాసవుతాం. భాషకు 8 క్రెడిట్లే అన్నది కూడా గమనించండి. భాషాశాఖలు తమ 8 క్రెడిట్ల గడిలో కూర్చుంటే రోజురోజుకూ చిన్నవవుతాయి. పక్క గడుల్లోకి, అంటే నైపుణ్య కోర్సుల్లోకి, బహుళ విషయాల్లోకి, మైనర్లలోకి కూడా భాష వెళ్ళగలగాలి. మన శాఖకు అసలు సమస్య ఇదే. బెంగళూరులో తెలుగు మాట్లాడేవాళ్ళు లక్షల్లో ఉన్నా, తెలుగు బడులు తక్కువ. తెలుగు రెండో భాషగా చదివి వచ్చే పిల్లలే తక్కువైనప్పుడు డిగ్రీలో తెలుగు తీసుకునేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు? తెలుగు చదవడం రాని, కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే అమ్మాయిలు మన కాలేజీలోనే ఎంతమంది ఉన్నారో ప్రతి క్లాసులో చేతులెత్తించి చూడండి. వాళ్ళకు మన శాఖలో ఇప్పుడు తలుపు లేదు.

ఇది అంత కొత్తదా?

కాదు. తెలుగులో మొట్టమొదటి గణిత గ్రంథం రాసినవాడు పావులూరి మల్లన. 11వ శతాబ్దం నాటివాడంటారు. ఆయన తెలుగు చేసింది మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో కన్నడ దేశంలో ఉన్న జైన పండితుడు. కన్నడంలో మనకు దొరికిన మొదటి గ్రంథం కవిరాజమార్గం కూడా ఆ అమోఘవర్షుడి ఆస్థానం నుంచే వచ్చింది. ఒకే ఆస్థానంలో ఒక పక్క లెక్కలు, ఇంకో పక్క అలంకారశాస్త్రం. ఆ లెక్కలను తర్వాత ఒక తెలుగు కవి పద్యాలుగా మార్చాడు, మూలంలో లేని లెక్కలు కూడా చేర్చాడు. ఇప్పుడు దీన్ని ఎవరు చదవాలి? తెలుగు విద్యార్థికి లెక్క భయం, గణితం విద్యార్థికి పద్యం భయం. అందుకని ఇద్దరూ పేరు మాత్రం బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకుంటున్నారు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తప్ప ఆ పుస్తకం తెరుచుకోదు.

దగ్గరి కాలంలో చూడాలంటే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఉన్నారు. 1893లో అనంతపురం జిల్లాలో పుట్టారు. 1912లో మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు పండితుడిగా చేరి 1949 దాకా అక్కడే పాఠం చెప్పారు. సంస్కృతం, ప్రాకృతం, తెలుగు, కన్నడం, సంగీతం అన్నీ వచ్చినవారు. ప్రాకృత గాథాసప్తశతి నుంచి గాథలను తెలుగులోకి తెచ్చారు, వేమన మీద ఉపన్యాసాలిచ్చారు, సంగీతం గురించి కన్నడంలో పుస్తకం రాశారు. తిరుపతిలో అన్నమాచార్యుల కీర్తనలను పరిష్కరించి ఎన్నిటికో స్వరాలు కూర్చారు. 1974లో సంగీతకళానిధి బిరుదు వచ్చింది. చివరి రోజులు మన బెంగళూరులోనే గడిపి 1979లో కన్నుమూశారు. అన్నమయ్య రాగిరేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఆ పని ఒక్క తెలుగు పండితుడి వల్ల కాదు, ఒక్క సంగీత విద్వాంసుడి వల్ల కాదు. రెండూ తెలిసిన మనిషి కావాలి. ఆయనకు ఆ రెండూ ఏ క్రెడిట్ల పద్ధతీ నేర్పలేదు, నిజమే. కానీ అందరం రాళ్ళపల్లివారంత కాలేము కదా. మామూలు తెలివి ఉన్న మనలాంటివాళ్ళకు కోర్సు కావాలి.

ఇప్పుడు నడుస్తున్న నమూనాలు

మన ఊళ్ళో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ 2011లో నాలుగేళ్ళ డిగ్రీ మొదలుపెట్టినప్పుడు సైన్స్ విద్యార్థులకు హ్యుమానిటీస్ కోర్సులు కూడా పెట్టింది. హైదరాబాదులో ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్, కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో పరిశోధన ఎంఎస్ కలిపి ఐదేళ్ళ కోర్సు ఉంది. అక్కడి పిల్లలు ప్రోగ్రామింగ్‌తో పాటు విభక్తులు, సంధులు, వాక్యనిర్మాణం చదవాలి. మెషీన్ అనువాదం చేయాలంటే "రాముడు చెట్టును చూశాడు"లో "ను" ఏం పని చేస్తోందో మెషీన్‌కు ఎవరో ఒకరు చెప్పాలి కదా. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం, అనువాదం కలిపి నడిచే కేంద్రం ఉంది. మన పక్కనే మైసూరులో 1969 నుంచి భారతీయ భాషల కేంద్ర సంస్థ ఉంది.

ఇవన్నీ చూస్తే ఒకటి అర్థమవుతుంది. బాగా నడిచే చోట కోర్సు పేరులో "మరియు" అన్న మాట కాకుండా, మధ్యలో ఒక పని ఉంటుంది. అనువాదం చేయడం ఒక పని. రాగిరేకు చదవడం ఒక పని. ఆ పనికి ఏ ఏ సబ్జెక్టులు కావాలో అవి వచ్చి చేరతాయి. దాన్నే కొలబద్దగా పెట్టుకుని మన ముసాయిదా చూడండి.

మొదటి కోర్సు: రాయి, లిపి, ఊరు
తెలుగు, కన్నడం, చరిత్ర కలిపి

బెంగళూరు చుట్టుపక్కల పొలాల్లో, గుళ్ళలో, చెరువు గట్ల మీద శాసనాలున్నాయి. బేగూరులో దొరికిన 9వ శతాబ్దం శాసనంలో "బెంగళూరు" అన్న పేరే ఉంది. బెంగళూరులోనే పుట్టిన బి.ఎల్. రైస్ మైసూరు రాజ్యంలోని శాసనాలన్నీ సేకరించి ఎపిగ్రాఫియా కర్ణాటికా సంపుటాలు వేశాడు. బెంగళూరు జిల్లా సంపుటం 1905లో వచ్చింది. కన్నడ శాసనాలతో పాటు తమిళం, తెలుగు శాసనాలూ ఉన్నాయి. ఇప్పుడు మిథిక్ సొసైటీ వాళ్ళు ఊళ్ళోని శాసనాలను త్రీడీ స్కానింగ్ చేసి భద్రపరుస్తున్నారు. అరిగిపోయి కంటికి కనపడని అక్షరం కూడా స్కాన్‌లో వెలుగునీడలు మార్చి చూస్తే కనిపిస్తుంది.

ఇందులో భాష పని ఏమిటంటారా? ఒక ఉదాహరణ. తెలుగులో పాలు, కన్నడంలో హాలు. పులి, హులి. పాము, హావు. పండు, హణ్ణు. పల్లె, హళ్ళి. పాడు, హాడు. తెలుగు మాట మొదట్లో "ప" ఉన్నచోట కన్నడంలో "హ" వస్తోంది. పాత కన్నడంలో అక్కడ కూడా "ప"యే ఉండేది. సుమారు 10వ శతాబ్దం నుంచి మెల్లగా "హ"గా మారింది. కాబట్టి తేదీ లేని కన్నడ శాసనంలో ఆ మాటలు "ప"తో ఉన్నాయా "హ"తో ఉన్నాయా అన్నది అది ఏ కాలందో ఊహించడానికి ఒక ఆధారం. ఒక్కటే ఆధారం కాదు, లిపి, రాజుల పేర్లు కూడా చూడాలి. అదే చరిత్ర పాఠం. ఇంకో సంగతి: పుస్తకం, పూజ, పాపం, పాఠం లాంటి మాటలు కన్నడంలో కూడా "ప"తోనే ఉన్నాయి. ఎందుకంటే అవి సంస్కృతం నుంచి వచ్చినవి. మన సొంత మాట ఏది, తెచ్చుకున్న మాట ఏది అని ఈ చిన్న సూత్రం వేరుచేసి చూపిస్తుంది. రెండు భాషల ఇంట్లో పెరిగినవాళ్ళకు ఈ పాఠం వంటింట్లోనే సగం వచ్చేసి ఉంటుంది. మా నాన్నమ్మ పాలు పొయ్యి మీద పెడితే మా అమ్మ హాలు దించుతుంది.

45 గంటల్లో 15 గంటలు లిపి నేర్చుకోవడం, 15 గంటలు ఆ కాలపు చరిత్ర, మిగిలిన సమయం ఒక్క శాసనం. ఒక్కటంటే ఒక్కటే. వెళ్ళి చూడాలి, ఫోటో తీయాలి, చదవాలి, పక్కింటివాళ్ళకు అర్థమయ్యేలా తెలుగులో, కన్నడంలో ఒక పేజీ రాయాలి. ఆ పేజీయే పరీక్ష.

రెండో కోర్సు: అక్షరం, అంకె
తెలుగు, కంప్యూటర్ కలిపి

మన ఫోన్లలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. ఆ పద్ధతి పేరు యూనికోడ్. అందులో తెలుగుకు 128 గడులు, దాని పక్కనే కన్నడానికి 128 గడులు ఇచ్చారు. రెండిటినీ ఒకే వరసలో అమర్చారు. తెలుగు "క" అంకె 3093. దానికి 128 కలిపితే 3221, అది కన్నడ "క". ఇలా దాదాపు అన్ని అక్షరాలకూ కుదురుతుంది. అంటే తెలుగు లిపిని కన్నడ లిపిలోకి మార్చే ప్రోగ్రాము చాలా చిన్నది. ప్రతి అక్షరానికీ 128 కలిపితే చాలు. మొదటి వారంలోనే ఆర్ట్స్ అమ్మాయి కూడా రాసేయగలదు. తెలుగు మాట్లాడడం వచ్చి చదవడం రాని మన స్నేహితురాళ్ళు ఆ ప్రోగ్రాముతో తెలుగు కథను కన్నడ లిపిలో చదువుకోవచ్చు. ఇందాక తలుపు లేదన్నానే, వాళ్ళకు అదే తలుపు.

రెండో వారంలో అసలు పాఠం మొదలవుతుంది. "పాలు" అన్న మాటను ఆ ప్రోగ్రాము కన్నడ లిపిలోకి మారుస్తుంది. కన్నడం మాత్రమే తెలిసినవాళ్ళు దాన్ని చదివి "వాటా" అనుకుంటారు, ఎందుకంటే కన్నడంలో పాలు అంటే వాటా. మనకు ఊట అంటే నేలలోంచి ఊరే నీళ్ళు, వాళ్ళకు ఊట అంటే భోజనం. మనకు తిండి అంటే అన్నం కూడా, వాళ్ళకు తిండి అంటే ఇడ్లీ, ఉప్పిట్టు లాంటి టిఫిన్. లిపి మారింది, భాష మారలేదు. లిపి మార్చడానికి అంకె చాలు, అర్థం మార్చడానికి నిఘంటువు కావాలి, వ్యాకరణం కావాలి, సందర్భం తెలియాలి. కంప్యూటర్ విద్యార్థి ఇక్కడ తెలుగు టీచర్ దగ్గరికి రావలసిందే. ఆ రాక కోసమే ఈ కోర్సు.

మూడో కోర్సు: రోగి మాట
తెలుగు, సైకాలజీ, అనువాదం కలిపి

మూడింటిలో ఇది అన్నిటికన్నా అవసరమని నా అభిప్రాయం. అనంతపురం, కర్నూలు, చిత్తూరు, పాలమూరు వైపు నుంచి మన ఊరికి పనికోసం వచ్చేవాళ్ళున్నారు, వైద్యం కోసం వచ్చేవాళ్ళూ ఉన్నారు. మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఉన్నది ఇక్కడే. సరిహద్దు జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగి వరసలో నిలబడే తెలుగువాళ్ళను మనం చూస్తూనే ఉంటాం.

వాళ్ళు డాక్టరుకు ఎలా చెబుతారు? "కడుపులో దేవుతోంది." "గుండె దడగా ఉంది." "కాళ్ళు చేతులు లాగేస్తున్నాయి." "ఒంట్లో నలతగా ఉంది." "గాభరా." "ఏం తోచడం లేదు." వీటికి ఇంగ్లీషులో సరిగ్గా సమానమైన మాట దొరకదు. గుండెల్లో మంట అంటే ఆమ్లం ఎక్కువైందా, మనసులో బాధా? కడుపుమంట అంటే జబ్బా, అసూయా? గాభరా అంటే భయమా, ఆయాసమా? పక్కన నిలబడి అనువదించే మనిషి ఎవరంటే సాధారణంగా ఇంట్లో కాస్త చదువుకున్న పిల్ల. అమ్మ జబ్బు గురించి కూతురు అనువదించాలి. చెప్పలేని మాటలుంటాయి. అత్త ముందు కోడలు చెప్పలేనివి, కొడుకు ముందు తల్లి చెప్పలేనివి. మధ్యలో మాట తగ్గిపోతుంది, లేకపోతే మారిపోతుంది.

అనువాదం అంటే మాటకు మాట కాదని క్లాసులో చెబుతారు. ఇక్కడ అది ప్రాణానికి సంబంధించిన విషయం. ఈ కోర్సులో సైకాలజీ టీచర్ లక్షణాలంటే ఏమిటో, ప్రశ్న ఎలా అడగాలో, విన్నది బయట చెప్పకుండా ఉండడం ఎందుకు ముఖ్యమో చెబుతారు. తెలుగు టీచర్ మాండలికాలు, నుడికారాలు చెబుతారు. మనం మన ఇళ్ళలో పెద్దవాళ్ళను అడిగి ఒంటికి, మనసుకు సంబంధించిన మాటలు సేకరిస్తాం. రాయలసీమలో ఏమంటారు, తెలంగాణలో ఏమంటారు, బెంగళూరు తెలుగులో ఏమంటారు. కోర్సు చివర ఒక చిన్న పదకోశం తయారవుతుంది. అది పరీక్ష పేపరులా అటకెక్కదు, ఎవరికైనా పనికొస్తుంది. మన డిగ్రీతో మనం వైద్యం చేయలేం, చేయకూడదు కూడా. కానీ వినడం నేర్చుకోవచ్చు.

కోర్సు ఎక్కడ ఆగిపోతుంది?

ఇంత బాగుంటే ఎందుకు రావడం లేదు? ఒక కొత్త కోర్సు రావాలంటే శాఖ ప్రతిపాదన రాయాలి, బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒప్పుకోవాలి, అకడమిక్ కౌన్సిల్ ఒప్పుకోవాలి, యూనివర్సిటీ స్థాయిలో అయితే పై సంఘాల ఆమోదం కూడా ఉండాలి. బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒక్కో సబ్జెక్టుకు ఒక్కోటి ఉంటుంది. రెండు సబ్జెక్టుల కోర్సు ఏ బోర్డుకు వెళ్ళాలి? మొదటి చిక్కు అక్కడే.

రెండో చిక్కు వర్క్‌లోడ్. యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. మూడు క్రెడిట్ల కోర్సు అంటే వారానికి మూడు గంటలు. ఇద్దరు టీచర్లు కలిసి చెబితే ఆ మూడు గంటలు ఎవరి ఖాతాలో వేయాలి? చెరి గంటన్నర అంటే, ఇద్దరూ మూడు గంటలు క్లాసులో ఉండి సగమే లెక్కలోకి వస్తుంది. అందుకని ఏం చేస్తారంటే, మొదటి రెండు యూనిట్లు ఒకరు, తర్వాతి రెండు యూనిట్లు ఇంకొకరు పంచుకుంటారు. అప్పుడది మళ్ళీ పక్కపక్క గదుల చదువే. తలుపు లేదు. శాఖల్లో పోస్టులు వర్క్‌లోడ్ మీదే ఆధారపడి ఉంటాయి. విద్యార్థులు తగ్గితే గంటలు తగ్గుతాయి, గంటలు తగ్గితే ఖాళీ అయిన పోస్టు నింపరు. కాబట్టి ఏ శాఖా తన గంట వదులుకోదు. దీన్ని స్వార్థం అనడం తేలిక. కానీ చిన్న శాఖకు అది బతుకు సమస్య. కలిసి చెప్పిన గంటను ఇద్దరికీ పూర్తి గంటగా లెక్కవేస్తే సగం చిక్కు తీరుతుంది.

మూడో చిక్కు పరీక్ష. ఒకే ప్రశ్నపత్రంలో ఏ భాగం తెలుగువాళ్ళది, ఏ భాగం సైకాలజీవాళ్ళది అని గీత గీస్తే విద్యార్థి కూడా బుర్రలో అదే గీత గీసుకుంటుంది. పైన చెప్పిన మూడు కోర్సుల్లోనూ ఒక పని చేసి చూపించమన్నది అందుకే.

ఒక గట్టి అభ్యంతరం

"ముందు ఒక సబ్జెక్టు సరిగ్గా రానివ్వండి, తర్వాత కలుపుదురు గాని" అని మన శాఖలోనే పెద్దవాళ్ళు అంటారు. ఇది తీసిపారేయదగ్గ మాట కాదు. ఛందస్సు రాకుండా పావులూరి మల్లన పద్యం చదవలేం. పాత లిపి, పాత వ్యాకరణం రాకుండా శాసనం చదవలేం. రాళ్ళపల్లివారు కలపగలిగింది ఒక్కోటీ లోతుగా వచ్చినందుకే. కలిపే కోర్సు పేరు చెప్పి ప్రాచీన కావ్యం పేపరు తీసేసి, దాని బదులు తేలిక పేపరు పెడితే పదేళ్ళలో కలపడానికి మన దగ్గర ఏమీ మిగలదు.

కాబట్టి నా షరతు ఇది: ఇలాంటి కోర్సు ప్రధాన పేపరును తగ్గించి రాకూడదు, దాని మీద నిలబడి రావాలి. మొదటి ఏడాది కాకుండా మూడో, నాలుగో సెమిస్టర్‌లో రావాలి. కానీ అభ్యంతరానికి రెండో వైపు కూడా ఉంది. పూర్తిగా వచ్చాకే కలుపుదాం అంటే ఎప్పటికీ కలపం. "ప" "హ"గా మారిందని తెలిసినప్పుడే నాకు పాత వ్యాకరణం ఎందుకు చదవాలో అర్థమైంది. ఒక్కోసారి కలిపి చూపిస్తేనే లోతుకు వెళ్ళాలనిపిస్తుంది.

ఉద్యోగాల మాట కూడా ఒకటి. ఈ కోర్సులు చదివితే వెంటనే ఉద్యోగం వస్తుందని నేను అనను. అలా రాసే బ్రోషర్లను నమ్మకండి కూడా. కానీ రెండు భాషలు నిజంగా వచ్చిన మనిషి, విని సరిగ్గా రాయగలిగిన మనిషి ఈ ఊళ్ళో ఎక్కడైనా అవసరమే.

ఇప్పుడు మనం చేయగలిగినది

కోర్సు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ సెమిస్టర్‌లో రెండు పనులు చేద్దాం.

ఒకటి, పదాల పట్టిక. ఇంట్లో తెలుగుతో పాటు కన్నడమో తమిళమో మాట్లాడేవాళ్ళు ఒక్కొక్కరు పది జతలు రాయండి. ఒకే అర్థానికి దగ్గరి రూపాలున్నవి ఐదు, పాలు–హాలు లాగా. ఒకే రూపానికి వేరే అర్థమున్నవి ఐదు, ఊట–ఊట లాగా.

రెండు, ఒంటి మాటలు. అమ్మనో, అమ్మమ్మనో, నాన్నమ్మనో అడిగి నొప్పికి, నీరసానికి, దిగులుకు వాళ్ళు వాడే మాటలు ఐదు రాయండి. ఏ ఊరి మాటో పక్కన రాయండి. ఎవరి జబ్బు వివరాలూ వద్దు, పేర్లూ వద్దు, మాటలు మాత్రమే.

ఇవి శాఖ బయట బల్ల మీద ఉన్న పెట్టెలో వేయండి. వచ్చినవన్నీ కలిపి తర్వాతి గోడపత్రికలో పెడతాం. అవి ముందు పెట్టుకుని అడిగితే ప్రతిపాదనకు బలం వస్తుంది, ఉత్త కాగితంతో అడిగితే రాదు. మన మేడమ్‌లకూ, సైకాలజీ, హిస్టరీ, కంప్యూటర్ శాఖల మేడమ్‌లకూ ఒక విన్నపం: ముసాయిదాలో తప్పులుంటే ఈ కాగితం మీదే పెన్సిల్‌తో దిద్దండి. పక్కన ఖాళీ అంచు వదిలింది అందుకే.